ఎడారికొక గ్రీష్మం

మే నెల వచ్చిందంటే మా హుజూర్‌నగర్ బస్టాండులో నిలబడ్డ ప్రతివారి నోటా ఒకే మాట: "ఇది ఊరా, ఎడారా?" ముప్పయ్యేళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి గనుక, పోలిక వినబడగానే సమాన ధర్మం ఏమిటని వెదకడం నాకు అలవాటు. ముఖం చంద్రబింబం వంటిదన్నప్పుడు ఆహ్లాదం కలిగించడం సమాన ధర్మం. మరి మా ఊరు ఎడారి వంటిదన్నప్పుడు ఏ ఎడారి వంటిది? థార్ వంటిదా, సహారా వంటిదా, అరేబియా వంటిదా? ఎడారి అంటే ఎండ, ఎండ అంటే ఎడారి, అందులో మళ్లీ రకాలేమిటని మీరు నవ్వవచ్చు. ఈ ప్రశ్న వట్టి అలంకారశాస్త్ర చర్చ కాదని మాత్రం ముందుగా మనవి చేస్తున్నాను. కాస్త ఓపిక పట్టండి.

పండితుడికి మొదటి దిక్కు నిఘంటువు. అమరకోశం భూమివర్గంలో ఎడారికి మరువు, ధన్వము అని రెండు పేర్లు కనిపిస్తాయి. 'మరు' శబ్దానికి వ్యాఖ్యాతలు చెప్పే వ్యుత్పత్తి 'చచ్చిపోవు' అన్న అర్థమున్న ధాతువు నుంచి. దాహంతో ప్రాణులు మరణించే చోటు గనుక మరువు. అంటే మన పూర్వులు ఎడారిని చూసి భయపడింది ఎండ వల్ల కాదు, నీరు లేనందువల్ల. నేటి భూగోళ శాస్త్రం చెప్పేదీ ఇదే. ఏడాదికి సుమారు 250 మిల్లీమీటర్ల లోపు వర్షం పడే నేలను ఎడారి అంటారు. ఆ కొలతకు వేడితో పని లేదు. అందుకే మంచు కప్పిన అంటార్కిటికా కూడా శాస్త్రవేత్తల లెక్కలో ఎడారే. ఏడు వందల మిల్లీమీటర్లకు పైగా వాన పడే మా హుజూర్‌నగర్ ఎంత కాగినా ఎడారి కాజాలదు.

ఇక ఎండ సంగతి. తెలుగువాడికి వేడిమిని చెప్పుకోవడానికి మాటల కరువు లేదు. ఎండ, సెగ, కాక, వడ, ఉడుకు, ఉబ్బరం, ఉక్క. ఇవి పర్యాయపదాలు కావు. ఎండ నెత్తిమీద పడేది, సెగ పక్కనుంచి తగిలేది, వడ గాలితో వచ్చేది, ఉక్క గాలి లేనప్పుడు ఒంటికి అంటుకునేది. ఈ భేదాలను మనసులో ఉంచుకుని ప్రపంచపు ఎడారులను చుట్టి వస్తే, ఏ ఎడారి గ్రీష్మం ఏ మాటకు చెందుతుందో ఆశ్చర్యంగా తేలిపోతుంది.

మనకు దగ్గరి చుట్టం థార్. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51.0 డిగ్రీలు నమోదయింది. భారతదేశంలో అంతకు మించి నమోదు కాలేదు. ఆ చుట్టరికం ఎలాగంటే, రోహిణి కార్తెలో మన మీదికి వచ్చే వడగాలి చాలాసార్లు వాయవ్య దిక్కునుంచి, ఆ ఎడారిని, మధ్య భారతపు ఎండిన నేలను తాకి వచ్చేదే. "రోహిణిలో రోళ్లు పగులుతాయి" అన్న సామెతకు మూలధనం కొంత ఆ వైపునుంచే వస్తుంది. కృష్ణకు అవతలి ఒడ్డున ఉన్న రెంటచింతల ఎండకు పేరుపడ్డ ఊరు, ఇవతల మేము. మధ్యలో నది ఉన్నా పొడిగాలికి అది అడ్డు కాదు. అయితే థార్ గ్రీష్మానికి ఒక ముగింపు ఉంది. జులైలో నైరుతి రుతుపవనాలు అక్కడికీ చేరుతాయి. ఎండ తగ్గుతుంది, ఆకాశం మబ్బు పడుతుంది, ఉక్క మొదలవుతుంది. హిందీవారు దానిని 'ఉమస్' అంటారు. మే నెలలో వడ, జులైలో ఉక్క, ఈ రెండూ ఒకే ఎడారివే.

సహారాకు ఈ ముగింపు లేదు. ఆ మాటకు అరబ్బీలో ఎడారులు అనే అర్థం గనుక 'సహారా ఎడారి' అనడం మన 'గేటు ద్వారం' వంటి పునరుక్తి. అది అలా ఉంచండి. భూమధ్యరేఖ దగ్గర పైకి లేచిన గాలి, తన తేమను అక్కడే వానగా కురిపించి, ఉత్తరాన కర్కటరేఖ పరిసరాలలో కిందికి దిగుతుంది. దిగే గాలి ఒత్తిడికి వేడెక్కుతుంది, మబ్బును పుట్టనివ్వదు. సహారా నడిబొడ్డున వేసవి అంతా ఇదే వరుస. సైకిల్ పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం గమనించినవారికి ఈ సూత్రం వేరే చెప్పనవసరం లేదు. అమెరికాలోని డెత్ వ్యాలీ సముద్రమట్టానికి కూడా దిగువన ఉండడంతో, చుట్టూ కొండల మీదినుంచి అందులోకి దిగే గాలి ఇంకా కాగుతుంది. 1913 జులై 10న అక్కడ నమోదైన 56.7 డిగ్రీలే నేటికీ ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన అత్యధిక ఉష్ణోగ్రత. అంతకు మించి 1922లో లిబియాలోని అల్ అజీజియాలో 58 డిగ్రీలు వచ్చాయని తొంభై ఏళ్లపాటు పుస్తకాలలో ఉండేది. దాన్ని కొలిచిన తీరులో లోపం ఉందని తేల్చి 2012లో ఆ సంస్థ కొట్టివేసింది. ఎండకు కూడా పరిష్కృత ప్రతి ఉంటుందని తెలిసి, తాళపత్రాల పాఠభేదాలు చూసే అలవాటున్న నాకు ముచ్చట వేసింది.

డెత్ వ్యాలీ వెళ్లలేదు కాని, దానికి దూరపు బంధువైన సోనోరన్ ఎడారిలో నాలుగు నెలలు ఉన్నాను. మా అమ్మాయి కాపురం అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో. 2018 మే నెలలో వెళ్లాను. జూన్‌లో 43 డిగ్రీల ఎండలో నడుస్తూ చొక్కా తడిమి చూసుకుంటే పొడిగా ఉంది. చెమట పట్టడం లేదనుకున్నాను. పడుతున్నదట, కాని పట్టీ పట్టగానే ఆవిరైపోతున్నదట. పెరట్లో ఆరవేసిన పంచె కాసేపట్లోనే అప్పడమైంది. దాహం తెలియదు, పెదవులు పగిలాకే తెలుస్తుంది. నీడలోకి వస్తే హాయి. ఆ హాయిని మా ఊళ్లో మే నెల చెట్టు కింద కూడా ఎరుగుదును. జులై సగమయ్యేసరికి మాత్రం ఆశ్చర్యం. అక్కడా రుతుపవనం వస్తుంది! జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఆ కాలాన్ని వాళ్లు 'మాన్‌సూన్' అనే పిలుస్తారు. ముందు ఆకాశమంత ఎత్తున దుమ్ముగోడ నడిచి వస్తుంది. దానికి సూడాన్ దేశపు 'హబూబ్' అన్న పేరు అరువు తెచ్చుకున్నారు. వెనుకనే ఉరుములు, ఆ తరువాత ఉక్క. అప్పటిదాకా పనిచేసిన నీళ్ల కూలర్లు ఆ వారం నుంచి పనికిరావని మా అల్లుడు చెప్పాడు. మన ఇళ్లలోనూ అంతే గదా! ఏప్రిల్‌లో ప్రాణం పోసే కూలర్, జూన్‌లో తొలకరి పడ్డాక గదినంతా ఆవిరి పెట్టెను చేస్తుంది.

అలాగని పొడి ఎండ నిరపాయకరమని కాదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 43 డిగ్రీలకు తగ్గలేదు. ఆ ఏడాది ఆ ఊరున్న మారికోపా కౌంటీలో వేడి వల్ల 645 మంది మరణించారు. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు మూడు వేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. పొడి ఎండ చంపుతుంది, కాని మనిషికి ఒక ఆయుధం మిగిల్చి చంపుతుంది. ఆ ఆయుధం చెమట.

దీనిని నాకు బోధపరచింది మా బడిలోని భౌతికశాస్త్రం మాస్టారు. నా పదవీ విరమణనాడు వారు శాలువాతోబాటు రెండు థర్మామీటర్లు బహూకరించారు. ఒకటి మామూలుగా వేలాడదీయాలి. రెండవదాని బొడిపెకు పాత పంచె గుడ్డ చుట్టి, గుడ్డ కొసను నీళ్లలో ఉంచి, తాటాకు విసనకర్రతో విసరాలి. మొదటిది గాలి వేడిని చెబుతుంది. రెండవది, తడిసిన ఒళ్లు ఎంతవరకు చల్లబడగలదో చెబుతుంది. మా వసారాలో అవి నేటికీ ఉన్నాయి, పక్కన నా నోటు పుస్తకం ఉంది. వడగాలి వీచే మే నెల మధ్యాహ్నం పొడి థర్మామీటరు 44 చూపితే, తడిది 23 చూపిన రోజులున్నాయి. ఒంటికి నీరు, గాలి దొరికితే మనిషి బతుకుతాడు. తడి థర్మామీటరు 35కు చేరితే, నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడి చెమట కూడా ఆరదని, కొన్ని గంటలకు మించి దేహం తట్టుకోలేదని 2010లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. 2022లో మనుషుల మీద జరిపిన ప్రయోగాలలో ఆ హద్దు అంతకంటే చాలా దిగువనే, 31 ప్రాంతంలోనే ఉన్నట్టు తేలింది.

ఈ వెలుగులో గల్ఫు ఎడారిని చూడాలి. మన పిల్లలు వేలాదిగా బతుకుతెరువు వెదుక్కున్న ఎడారి అది. నా దగ్గర చదువుకున్న ఒకడు తాపీమేస్త్రీగా ముందు కువైట్‌లోనూ, తరువాత దుబాయ్‌లోనూ పద్నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. రెండూ ఒకే సముద్రం ఒడ్డునే కదా, తేడా ఏమిటని అడిగాను. "కువైట్ల ఎండ కొడతది సార్, దుబాయ్ల ఉక్క పిండుతది. దెబ్బయితే ఓర్సుకుంటం, పిండితే ఏం మిగులుతది సార్?" అన్నాడు. శాస్త్రగ్రంథంలో ఇంత క్లుప్తంగా చదవలేదు. కువైట్‌కు వేసవిలో వాయవ్యంనుంచి 'షమాల్' అనే పొడి దుమ్ముగాలి వీస్తుంది. 2016 జులై 21న అక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదయింది. దుబాయ్ వైపు వేసవిలో లోతు తక్కువైన సముద్రం గోరువెచ్చగా కాగి, ఆ ఆవిరి తీరం మీదికి వస్తుంది. 2003 జులై 8న సౌదీ తీరంలోని ధహ్రాన్‌లో గాలి వేడి 42 డిగ్రీలే, తుషార బిందువు మాత్రం 35. అంటే 35 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు పోసిన గ్లాసు కూడా ఆ గాలిలో బయట చెమరుస్తుందన్నమాట. గ్లాసుకు చెమట పట్టే చోట మనిషి చెమట ఆరేదెలా?

ఆ దేశాలు వేసవిలో మధ్యాహ్నం ఆరుబయటి పనిని నిషేధించాయి. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు పదకొండు నుంచి నాలుగు దాకా, ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుంచి మూడు దాకా. ఖతార్ 2021లో ఒక అడుగు ముందుకు వేసింది. గడియారంతోబాటు, వేడినీ తేమనూ ఎండనూ కలిపి కొలిచే ఒక సూచిక 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలని నియమం పెట్టింది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

అదే అరేబియాలో ఒమన్ దేశపు దక్షిణ కొసన సలాలా ఉంది. ఆ దేశ రాజధాని మస్కట్ జులైలో నలభై డిగ్రీలకు కాగుతుంటే, సలాలా కొండల మీద తుంపర, పొగమంచు, పచ్చిక, ఇరవయ్యైదు డిగ్రీల చల్లదనం. మన నైరుతి రుతుపవనం అంచు ఆ తీరాన్ని తాకుతూ వెళ్లడమే కారణం. ఆ కాలాన్ని వాళ్లు 'ఖరీఫ్' అంటారు! అరబ్బీలో ఖరీఫ్ అంటే శరత్తు. మొగలాయిల రెవెన్యూ లెక్కలతో మన పొలాల్లోకి వచ్చి వానకాలపు పంట అయింది. ఒకే మాట, ఒకే గాలి; అక్కడ ఎడారికి నాలుగు చినుకులు, ఇక్కడ మాకు వరి.

ఇంకో జాతి ఎడారులున్నాయి. ఆఫ్రికాకు నైరుతిన నమీబ్, దక్షిణ అమెరికాకు పడమట అటకామా. వాటి పక్కనే చల్లని సముద్ర ప్రవాహాలు పారుతుంటాయి. ఆ చల్లదనానికి గాలి పైకి లేవదు, వాన పడదు, కాని పొగమంచు మాత్రం తీరం మీదికి పాకి వస్తుంది. దక్షిణార్ధగోళం గనుక అక్కడి గ్రీష్మం మనకు సంక్రాంతి వేళ. తీరంలో ఆ గ్రీష్మం ఎంత చల్లనిదంటే మన వాళ్లు శాలువా కప్పుకుంటారు. చిలీలో చుంగుంగో అనే పల్లె 1990లలో కొండ మీద వలలు కట్టి, మంచును పట్టి తాగునీరు చేసుకుంది. మంగోలియాలోని గోబీ శీతకాలంలో సున్నాకు నలభై డిగ్రీలు దిగువకు పోయి, వేసవిలో నలభైకి ఎగబాకుతుంది. దానికి పడే ఆ కాస్త వాన కూడా ఎక్కువగా వేసవిలోనే. ఎండ, వడ, ఉక్క, తుంపర, పొగమంచు అన్నీ ఎడారి గ్రీష్మాలే.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన నాటినుంచి ఎడమ కాలువ మా ప్రాంతపు తలరాతను మార్చింది. జొన్న, ఆముదం వేసిన మెట్టల్లో వరి నిలిచింది. నీళ్లున్న చోట 'మరువు' ఉండదు. కాని నీళ్లున్న చోట ఉక్క ఉంటుంది. మా గ్రీష్మానికి రెండు భాగాలు. మే నెలంతా థార్ వంటి వడ, మృగశిర ప్రవేశించి బంగాళాఖాతపు తేమ వచ్చి రెండు చినుకులు పడ్డాక దుబాయ్ వంటి ఉక్క. మొదటి భాగానికి మేము భయపడతాం. తలకు తువ్వాలు చుడతాం, ఉల్లిపాయ దగ్గర పెట్టుకుంటాం, అంబలి తాగుతాం. రెండవ భాగం రాగానే "ఎండలు తగ్గాయి" అని తువ్వాలు దండెం మీద వేస్తాం.

కొన్నేళ్ల కిందట ఒక జూన్‌లో, మా వీధి చివరి ఇంటి ఆమె పత్తి గింజలు పెట్టడానికి కూలికి పోయింది. వయసు యాభై దాటలేదు. ముందు రెండు రోజులు వాన పడింది. ఆ రోజు మబ్బూ ఎండా కలిసి ఉన్నాయి, ఆకు కదలలేదు. మూడు గంటల వేళ తల తిరుగుతున్నదని గట్టు మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. ఆటోలో ఊళ్లోకి తెచ్చేసరికి ప్రాణం లేదు. దినకార్యాలయ్యాక ఆమె కొడుకు, నా శిష్యుడే, వచ్చి "సార్, అర్జీ రాసిపెట్టుండ్రి. ఆఫీసుల అడిగితే ఆ రోజు ముప్పై ఎనిమిదే ఉంది, వడదెబ్బ ఎట్లయితదని అన్నరు" అని చెప్పాడు. ఆ అధికారి మాటలో నియమభంగం లేదు. మైదాన ప్రాంతంలో నలభై డిగ్రీలు లేనిదే వడగాలి అన్న పేరు వాతావరణ శాఖ నిర్వచనంలో లేదు. నేను నా నోటు పుస్తకం తెరిచాను. ఆ రోజు మధ్యాహ్నం పొడి థర్మామీటరు 38. తడి థర్మామీటరు 30.

మే నెల 44కు తడి 23. ఆ జూన్ 38కి తడి 30. నడుము వంచి పనిచేసే మనిషికి ఏది మారకమో చెప్పడానికి ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు. అర్జీలో ఆ రెండు అంకెలూ, వాటి అర్థమూ నాకు చేతనైన తేటతెలుగులో రాశాను. కాగితం తిరిగివచ్చింది. గుండె ఆగి మరణం అని రాసుకున్నారట. ఎవరి మరణమైనా చివరకు గుండె ఆగియే కదా!

వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి పరిహారాన్ని యాభై వేలనుంచి నాలుగు లక్షలకు పెంచింది. సంతోషమే. వాతావరణ శాఖ 2023 నుంచి వేడినీ తేమనూ కలిపిన సూచికను ప్రయోగాత్మకంగా ఇస్తున్నది. అదీ సంతోషమే. కాని ఒక కూలిమనిషి ఎందుకు పోయిందో తేల్చేవేళ బల్ల మీద ఉండేది ఇంకా ఆ ఒక్క పొడి అంకెనే అయితే, నాలుగు లక్షలు అందవలసిన ఇంటికి అందవు. అంతకు ముందు, చేను గట్టున ఆ మనిషిని ఆపవలసిన వేళ ఎవరూ ఆపరు. ఎడారి దేశం తన కూలీకోసం తేమను లెక్కలోకి తీసుకుంటున్నప్పుడు, కాలువల కింద, చెరువుల కింద బతికే మనం తీసుకోకపోవడం ఏమి న్యాయం? మన భాష ఎప్పుడో వడకూ ఉక్కకూ వేరు వేరు పేర్లు పెట్టింది. దస్తావేజులకే ఇంకా ఒక్క మాట చాలుతున్నది.

పాఠక మిత్రులకు ఒక విన్నపం. రెండు థర్మామీటర్లకు పెద్ద ఖర్చు కాదు, పంచె గుడ్డ ఇంట్లోనే ఉంటుంది. మృగశిర వెళ్లిన తరువాత కూడా పొలానికి పోయేవారిని, మేడ మీద ఇటుకలు మోసేవారిని తువ్వాలు దండెం మీద వేయనివ్వకండి. కువైట్‌లో, దోహాలో, అరిజోనాలో, రాజస్థాన్‌లో ఉన్న మన తెలుగువారు మీ మీ ఎడారుల గ్రీష్మం కొట్టేదో, పిండేదో రాయగలరు. మీ అంకెలను నా పుస్తకంలో మా ఊరి అంకెల పక్కన రాసుకుంటాను.